అద్దకం నీళ్లు గెడ్డలో పడేముందు: హైడ్రోజెల్ పూసలతో రంగునూ లోహాన్నీ పట్టడం ఎలా?

మర్రిపాలెంలో మా వదిన ఇంటి వెనక రేకుల షెడ్డులో కాటన్ చీరల మీద అచ్చులతో ప్రింటింగ్, టై అండ్ డై చేస్తుంది. పని అయ్యాక బకెట్ల కొద్దీ రంగు నీళ్లు మిగులుతాయి. అవి ఇంటి ముందు కాలవలోకి, అక్కడి నుంచి గెడ్డలోకి, అంటే వాగులోకి, చివరికి సముద్రంలోకి పోతాయి. విశాఖలో పుట్టి పెరిగినవాళ్లకి ఈ దారి ఎవరూ చెప్పక్కర్లేదు. నేను స్కూల్లో సైన్స్ చెబుతాను. ఆ ఎర్రటి, నీలి నీళ్లు కాలవలో పారుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. రెండేళ్లుగా హైడ్రోజెల్ పూసలతో వాటి రంగు తీసే పని నేర్చుకుంటున్నాను. అది మీరెలా చేసుకోవచ్చో ఇక్కడ రాస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇది తాగే నీటిని శుద్ధి చేసే పద్ధతి కాదు. ఈ పూసలు క్రిముల్ని చంపవు, ఉప్పదనం తీయవు, ఫ్లోరైడ్, నైట్రేట్ లాంటివాటిని వదిలేస్తాయి. బోరు నీటిలో సీసం ఉందేమోనని అనుమానం ఉంటే ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. మన దేశపు తాగునీటి ప్రమాణంలో సీసం హద్దు లీటరుకి 0.01 మిల్లీగ్రాము. అంత తక్కువ మోతాదు కంటికీ నాలుకకీ తెలిసేది కాదు. అద్దకం నీళ్లు, స్కూలు ల్యాబ్ నీళ్లు, సైన్స్ ఎగ్జిబిషన్ ప్రాజెక్టు, వీటికి మాత్రమే ఈ పద్ధతి.

హైడ్రోజెల్ అంటే

నానబెట్టిన సబ్జా గింజ గుర్తు తెచ్చుకోండి. గింజ చుట్టూ కట్టిన ఆ జిగురు పొరే హైడ్రోజెల్. పొడవాటి గొలుసుల్లాంటి అణువులు ఒకదానికొకటి ముడిపడి వలలా ఏర్పడతాయి. ఆ వల నీటిలో కరిగిపోదు, నీటిని తనలో నింపుకుని ఉబ్బుతుంది. మెత్తటి కాంటాక్ట్ లెన్సు కూడా హైడ్రోజెలే. 1960లో ఒట్టో విక్టర్లె, ద్రహొస్లావ్ లీమ్ అనే చెక్ శాస్త్రవేత్తలు అలాంటి జెల్ గురించి ప్రచురించిన పరిశోధనతోనే దానికి దారి పడింది.

నీళ్లు శుభ్రం చేయడానికి కావలసింది మాత్రం ఉబ్బడం ఒక్కటే కాదు. ఆ వల తాళ్ల మీద విద్యుదావేశం ఉండాలి. రుణావేశం ఉన్న వల ధనావేశం ఉన్న రంగుల్నీ లోహ అయాన్లనీ (నీటిలో కరిగి ఆవేశంతో ఉన్న లోహ కణాల్ని) లాగి పట్టుకుంటుంది. ధనావేశం ఉన్న వల రుణావేశం ఉన్నవాటిని పడుతుంది. మీరు పట్టాలనుకున్నదాని ఆవేశం ఏమిటో తెలియకుండా పూసలు చేయడం మొదలుపెడితే శ్రమంతా వృథా. నాకు అదే జరిగింది, ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

పిల్లల డైపర్లలోని జెల్, పొలాల్లో తేమ నిలవడానికి వేసే హైడ్రోజెల్ వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. వాటిని నీటినే పీల్చుకునేలా తయారు చేశారు. బకెట్లో వేస్తే మురికితో పాటు నీళ్లన్నీ తాగేసి ముద్దయి కూర్చుంటాయి. మనకి కావలసినది నీటిని వదిలి మురికిని ఉంచుకునేది.

పూసలు చేయడం

దీనికి సోడియం ఆల్జినేట్ కావాలి. ఇది సముద్రంలో పెరిగే గోధుమరంగు నాచుల్లోంచి వస్తుంది. తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గర చిన్న చిన్న గాలి బుడగల్లాంటి కాయలతో ఒక నాచు కొట్టుకొస్తుంది కదా, ఆ సర్గాసం కూడా ఈ జాతిదే. దాన్ని ఏరుకొచ్చి ఇంట్లో ఆల్జినేట్ తీయాలని చూడకండి. శుభ్రమైన పొడి రావడం చాలా కష్టం. బట్టల ప్రింటింగ్ సామాన్లు అమ్మేచోట, ల్యాబ్ కెమికల్స్ దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో పొడి దొరుకుతుంది. మా వదిన దగ్గర ఎప్పుడూ ఒక డబ్బా ఉంటుంది. రంగు పేస్టు చిక్కబడడానికి అదే కలుపుతారు.

రెండోది కాల్షియం క్లోరైడ్. విశాఖ గాలికి ఇది మహా చెడ్డది. ప్యాకెట్ విప్పి రెండు గంటలు బల్ల మీద వదిలేస్తే గాలిలో తేమ లాక్కుని తడిసి ముద్దవుతుంది, తర్వాత నీరే అయిపోతుంది. అప్పుడు తూచి వేసుకున్నా అందులో సగం నీళ్లే. కొన్న రోజే గట్టి మూత ఉన్న గాజు సీసాలోకి మార్చండి.

నీళ్ల విషయంలో రాజీ పడకండి. కొళాయి నీటిలో, బోరు నీటిలో కాల్షియం ఉంటుంది. అది తగిలిన చోటల్లా ఆల్జినేట్ అప్పుడే గడ్డ కట్టి ఉండలు పడుతుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్ పెట్రోల్ బంకుల దగ్గర, ఆటోమొబైల్ షాపుల్లో దొరుకుతుంది. అది చక్కగా సరిపోతుంది.

100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌ని చెంచాతో సుడి తిరిగేలా కలుపుతూ, 2 గ్రాముల ఆల్జినేట్ పొడిని చిటికెడు చిటికెడుగా చల్లండి. బొంబాయి రవ్వ ఉప్మాలో ఉండ కట్టకుండా పోస్తారు చూడండి, అలాగే. ఒక్కసారి కుమ్మరించారంటే పైన జిగురు, లోపల పొడి ఉన్న ముద్దలు తయారవుతాయి. అవి ఎంత కలిపినా విడవవు. పాత మిక్సీ జారు ఉంటే పని తేలిక, కానీ ఆ జారుని మళ్లీ వంటకి వాడకండి. ఆ ద్రావణాన్ని మూతపెట్టి రాత్రంతా ఉంచండి. బుడగలన్నీ పైకొచ్చి పోతాయి. బుడగ మిగిలితే పూస తేలుతుంది, లేదా చిట్లుతుంది.

ఇంకొంచెం బలం కావాలంటే ఈ దశలోనే 1 గ్రాము యాక్టివేటెడ్ కార్బన్ (మురికిని పట్టే బొగ్గు) పొడి కలపండి. పొడిగా నీటిలో వేస్తే దాన్ని మళ్లీ వడకట్టడం నరకం. పూసలో చిక్కుకుంటే అక్కడే ఉంటుంది. అయితే మొదటిసారి కార్బన్ లేకుండానే చేయండి. పూస రంగు మారడం కంటికి కనిపిస్తే ఏం జరుగుతోందో మీకే అర్థమవుతుంది.

మర్నాడు ఒక గాజు గిన్నెలో 300 మిల్లీలీటర్ల నీటికి 9 గ్రాముల కాల్షియం క్లోరైడ్ కలపండి. గిన్నె కొంచెం వెచ్చబడితే కంగారు పడకండి, అది కరిగేటప్పుడు వేడి పుట్టిస్తుంది. ఆల్జినేట్ ద్రావణాన్ని సూది లేని సిరంజిలోకి తీసుకుని, జానెడు కంటే కొంచెం తక్కువ ఎత్తు నుంచి ఒక్కొక్క చుక్కగా వదలండి. మరీ కింద నుంచి వదిలితే తోక ఉన్న కప్పపిల్లల్లా వస్తాయి. మరీ పైనుంచి అయితే బిళ్లలవుతాయి. చుక్క నీటిని తాకగానే చుట్టూ పొర కట్టి, ఉడికిన సగ్గుబియ్యంలా గుండ్రంగా నిలుస్తుంది. ఒక్కో కాల్షియం అయాను పక్కపక్కనున్న రెండు ఆల్జినేట్ గొలుసుల్ని కలిపి పట్టుకుంటుంది కాబట్టి ఇలా జరుగుతుంది. మా ఎనిమిదో తరగతి పిల్లలు ఇది మొదటిసారి చూసినప్పుడు ఆ రోజు ఇంటి బెల్లు కొట్టినా కదల్లేదు.

పూసలు ఎంత చిన్నవైతే అంత మంచిది. రంగు పూస లోపలిదాకా మెల్లగా ఇంకుతూ వెళ్లాలి. పూస సైజు సగమైతే ఆ ప్రయాణానికి పట్టే సమయం దాదాపు నాలుగో వంతుకి తగ్గుతుంది. అందుకే చెయ్యి అలవాటయ్యాక సిరంజికి సూది పెట్టి చిన్న పూసలు చేయండి. అన్నీ వేశాక కనీసం గంటసేపు అదే నీటిలో ఉంచి, తర్వాత టీ జల్లెడలో పోసి డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడు సార్లు కడగండి.

వెంటనే వాడకపోతే చిటికెడు కాల్షియం క్లోరైడ్ వేసిన నీటిలో ముంచి ఫ్రిజ్‌లో పెట్టండి. బయట ఉంచితే మన ఉక్కపోతకి నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. సీసా మీద "తినకూడదు" అని పెద్ద అక్షరాలతో రాయడం మరిచిపోకండి. చూడ్డానికి అచ్చం పాయసంలో సగ్గుబియ్యంలాగే ఉంటాయి.

పని చేస్తున్నాయో లేదో చూడడం

అక్వేరియం షాపులో చేపల మందుగా మిథిలీన్ బ్లూ అమ్ముతారు. అది ధనావేశం ఉన్న రంగు, ఆల్జినేట్‌ది రుణావేశం. అందుకే పరీక్షకి ఇదే సరైనది. చేతులకి గ్లోవ్స్ వేసుకోండి, పాత బట్టలు కట్టుకోండి. ఆ మరక వదలదు.

ఒక లీటరు నీటిలో కొన్ని చుక్కలు వేసి లేత నీలం చేయండి. గ్లాసు వెనక న్యూస్‌పేపర్ పెడితే అక్షరాలు కనిపించేంత లేతగా ఉంటే చాలు. నాలుగు గ్లాసుల్లో సమానంగా పోయండి. మొదటిదాంట్లో పూసలు వేయకండి, పోల్చి చూడడానికి అలాగే ఉంచండి. రెండోదాంట్లో రెండు పెద్ద చెంచాల పూసలు వేయండి. మూడోదాంట్లో అన్నే పూసలతో పాటు మూడు చెంచాల వెనిగర్ పోయండి. నాలుగోదాంట్లో పూసలూ ఒక చెంచా ఉప్పూ వేయండి. పావుగంటకోసారి కలుపుతూ, వెనక తెల్ల కాగితం పెట్టి, అదే వెలుతురులో ఫోన్‌తో ఫొటోలు తీయండి.

రెండో గ్లాసులో నీళ్లు తేటబడుతూ పూసలు నీలమవుతాయి. వెనిగర్ గ్లాసులో ఆ పని మందగిస్తుంది. ఆమ్లంలో ఉండే హైడ్రోజన్ అయాన్లు ఆల్జినేట్ మీద రంగు కూర్చోవలసిన చోట్లని ముందే ఆక్రమించుకుంటాయి. ఉప్పు గ్లాసులో కూడా అంతే, సోడియం పోటీకొస్తుంది. పైగా పూసలు ఉబ్బి మెత్తబడతాయి. సముద్రానికి దగ్గరలో ఉప్పగా మారిన బోరు నీళ్లతో ఈ పని చేస్తే ఫలితం ఎందుకు తగ్గుతుందో ఈ నాలుగో గ్లాసు చూపిస్తుంది.

లోహం కోసమైతే పురుగుమందుల షాపులో దొరికే మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, లీటరుకి అర గ్రాము కలిపి ఇదే పరీక్ష చేయండి. రాగి పూసలోకి వెళ్లి కాల్షియాన్ని బయటికి నెడుతుంది, పూస నీలం ఆకుపచ్చగా మారి గట్టిపడుతుంది. ఆల్జినేట్ అన్ని లోహాల్నీ ఒకేలా పట్టదు. సీసాన్ని, రాగిని కాల్షియం కన్నా గట్టిగా పట్టుకుంటుంది. జింక్, నికెల్ మీద దానికి కాల్షియం మీద ఉన్నంత పట్టు లేదు. లెక్క ప్రకారం ఒక గ్రాము పొడి ఆల్జినేట్ మహా అయితే అర గ్రాము సీసాన్ని పట్టగలదు. నిజమైన నీటిలో ఇతర అయాన్ల పోటీ వల్ల అంతకంటే బాగా తక్కువే. సీసం లవణాలు కొని ఇంట్లో పరీక్షించాలని మాత్రం అనుకోకండి. పిల్లలున్న చోట అది వద్దే వద్దు.

నేను ఎక్కడ తప్పానంటే

మిథిలీన్ బ్లూ తేటబడేసరికి నాకు సంతోషం ఆగలేదు. ఆ సాయంత్రమే వదిన వాడే ఎర్ర రియాక్టివ్ డై నీళ్ల బకెట్లో ఒక గిన్నెడు పూసలు పోసి వచ్చాను. పొద్దున్నే వెళ్లి చూస్తే నీళ్లు అంతే ఎర్రగా ఉన్నాయి. పూసలు మాత్రం లేవు. అడుగున జిగురు ముద్ద ఉంది.

రెండు కారణాలు. కాటన్‌కి వాడే రియాక్టివ్ రంగులకి రుణావేశం ఉంటుంది, ఆల్జినేట్‌కీ అదే. ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. అసలు ప్రింటింగ్ పేస్టులో ఆల్జినేట్ కలిపేదే అందుకు. అది రంగుతో కలవకుండా పక్కకి ఉండి, రంగుని బట్టకే వదిలేస్తుంది. వదిన ఇన్నేళ్లుగా చేతులతో చేస్తున్న పనిలో సమాధానం ఉంది, నేనే అడగలేదు. రెండోది, ఆ నీటిలో సోడా యాష్, అంటే సోడియం కార్బొనేట్ ఉంది. అది పూసల్లోని కాల్షియాన్ని సున్నపురాయిలా కింద కూర్చోబెట్టేస్తుంది. కాల్షియం పోతే ముడులు విడిపోతాయి, పూస కరిగిపోతుంది. బట్టల సోడా, డిటర్జెంట్ పౌడర్ కలిసిన నీళ్లలో కూడా ఇదే అవుతుంది.

అందుకే అద్దకం పని చేసేవాళ్లకి రెండో రకం పూసలు కావాలి.

రియాక్టివ్ రంగులకి కైటోసాన్

కైటోసాన్ రొయ్యల, పీతల పెంకుల్లోంచి వస్తుంది. దీని గొలుసుల మీద అమీన్ గుంపులు (నత్రజని ఉన్న చిన్న భాగాలు) ఉంటాయి, కొంచెం ఆమ్లం తగిలితే వాటికి ధనావేశం వస్తుంది. రొయ్యల ఎగుమతి ఇంతగా సాగే ఊళ్లో పెంకులకి కొదవ లేదు. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకి పాండురంగాపురంలో పరిశోధనా కేంద్రం ఉంది, పెంకుల నుంచి కైటోసాన్ తీసే పద్ధతుల మీద ఆ సంస్థ పని చేసింది. ఇంట్లో పెంకుల నుంచి తీయడం మాత్రం కుదరదు. దానికి ఆమ్లం, చిక్కటి కాస్టిక్ సోడా వేడి చేయడం కావాలి. పొడినే కొనుక్కోండి.

తెల్ల వెనిగర్ 50 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 50 మిల్లీలీటర్లు కలిపి అందులో 2 గ్రాముల కైటోసాన్ వేసి, అప్పుడప్పుడు కలుపుతూ రాత్రంతా కరగనివ్వండి. ఈసారి చుక్కలు పడాల్సింది కాస్టిక్ సోడా నీటిలో. 200 మిల్లీలీటర్లకి 8 గ్రాములు. ఇది పెద్దవాళ్లే చేయాలి. కళ్లద్దాలు, రబ్బరు గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. సోడాని నీటిలో కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. అల్యూమినియం గిన్నె వాడకండి, కాస్టిక్ దాన్ని తినేస్తుంది. కంట్లో పడితే ఆలోచించకుండా పదిహేను ఇరవై నిమిషాలు పారే నీటితో కడిగి ఆస్పత్రికి వెళ్లండి.

చుక్కలు తెల్లటి పూసలుగా నిలుస్తాయి. మూడు నాలుగు గంటలయ్యాక తీసి, పీహెచ్ కాగితం (నీళ్లు ఆమ్లమో క్షారమో చూపేది) మీద 7 దగ్గరికొచ్చేదాకా కడుగుతూనే ఉండండి. విసుగు పుడుతుంది. అయినా ఆపకండి.

వీటిని వాడేటప్పుడు చూసుకోవలసినవి రెండు. అద్దకం నీళ్లు క్షారంగా, పీహెచ్ 10, 11 దాకా ఉంటాయి. ఆ స్థితిలో కైటోసాన్‌కి ధనావేశం ఉండదు కాబట్టి రంగుని లాగదు. వెనిగర్ కొద్దికొద్దిగా పోస్తూ, కాగితంతో చూస్తూ, 6.5 దగ్గరికి తీసుకురండి. ఇంకా దిగితే పూసలే మెత్తబడి కరగడం మొదలుపెడతాయి. వెనిగర్ పోసేటప్పుడు నురగ పొంగుతుంది, బకెట్ నిండా నీళ్లు పెట్టుకోకండి. రెండోది ఉప్పు. మొదటి అద్దకం నీటిలో ఉప్పు విపరీతం, అది పూసల పట్టుని సడలిస్తుంది. అందుకని పూసల్ని రెండో, మూడో జాడింపు నీళ్లకి వాడండి. వాటిలో ఉప్పు తక్కువ, రంగు కూడా పూసలు మోయగలిగినంతే. మొదటి చిక్కటి నీళ్లని వదిన ఇప్పుడు పారబోయడం లేదు. వెడల్పు టబ్బులో డాబా మీద పెట్టి వేసవి ఎండకి ఇగరనిస్తుంది.

సీసా ఫిల్టరు

బకెట్లో పూసలు వేసి కలపడం కన్నా పూసల గుండా నీళ్లు పంపడం మేలు. లీటరు ప్లాస్టిక్ సీసా అడుగు కోసేయండి. మూతకి బెజ్జం పెట్టి మెడికల్ షాపులో దొరికే సెలైన్ పైపు బిగించి, లీకు రాకుండా గమ్ వేయండి. సీసాని తలకిందులుగా నిలబెట్టి మెడలో పలచటి గుడ్డ, దాని మీద కడిగిన ఇసుక కొంచెం, ఆపైన 100 మిల్లీలీటర్ల పూసలు, మళ్లీ గుడ్డ. నీళ్లని పైనుంచి పోస్తే పూసల మధ్య దారి చేసుకుని జారిపోతాయి. సెలైన్ పైపుని రంగు నీళ్ల డబ్బాకి కలిపి, డబ్బాని ఎత్తున పెట్టి, నీళ్లు అడుగు నుంచి పైకి ఎక్కేలా చేయండి. తేట నీళ్లు పైనుంచి పొర్లిపోవడానికి పక్కన ఒక బెజ్జం పెట్టుకోండి.

సెలైన్ పైపుకి చక్రంలాంటి క్లిప్పు ఉంటుంది. దాన్ని సెకనుకి ఒక చుక్క పడేలా తిప్పండి. మామూలు సెట్‌లో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు కాబట్టి గంటకి 180 మిల్లీలీటర్లు దిగుతాయి. చాలా నెమ్మది అనిపిస్తుంది, కానీ జెల్‌కి ఆ సమయం కావాలి. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దుటికి లీటరున్నర పూర్తవుతుంది.

బయటికొచ్చే నీటిని అరలీటరుకోసారి చిన్న గాజు సీసాలో పట్టి కిటికీలో వరసగా పెట్టండి. ఏ సీసాలో రంగు మళ్లీ కనిపించిందో అక్కడితో పూసల పని అయిపోయినట్టే. టీడీఎస్ మీటరు ముంచి చూసి ఏమీ తగ్గలేదని బెంగపడకండి. అది కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేసేదే గానీ రంగునో సీసాన్నో విడిగా చూపించదు. ఆల్జినేట్ పూసల విషయంలో అయితే బయటికొచ్చిన కాల్షియం వల్ల ఆ అంకె పెరగొచ్చు కూడా.

వాడేసిన పూసలు

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. నీటిలోంచి తీసిన రంగూ రాగీ ఎక్కడికీ పోలేదు, పూసలోకి మారాయంతే. ఆ పూసల్ని గెడ్డలో పారేస్తే మనం చేసింది సున్నా.

రాగి పట్టిన ఆల్జినేట్ పూసల్ని మళ్లీ వాడాలంటే వెనిగర్‌లో కొన్ని గంటలు నానబెట్టండి, రాగి చాలావరకు బయటికొస్తుంది. కడిగి, మళ్లీ కాల్షియం క్లోరైడ్ నీటిలో వేస్తే ఇంకో రెండు మూడు సార్లు పనికొస్తాయి. ప్రతిసారీ బలం కొంత తగ్గుతుంది. ఆ వెనిగర్‌లో ఇప్పుడు రాగి చిక్కగా ఉంది, దాన్ని సింకులో పోయకండి. సీసాలో పట్టి విడిగా ఉంచండి.

ఇక పనికిరావనుకున్న పూసల్ని పాత స్టీలు పళ్లెంలో పల్చగా పరిచి, పైన వల గుడ్డ కప్పి, పిల్లలకీ కాకులకీ అందని చోట ఎండబెట్టండి. పూసలో నూటికి తొంభై వంతుల పైన నీళ్లే కాబట్టి రెండు మూడు ఎండలకి ఆవగింజలంత అయిపోతాయి. బకెట్లకి బకెట్ల జాడింపు నీళ్లలోని రంగు ఒక చిన్న సీసాలో గుప్పెడు గింజలుగా మిగులుతుంది. అవి తడి చెత్తలోకి గానీ మొక్కల కుండీలోకి గానీ పోకూడదు. పాత బ్యాటరీలు, పెయింటు డబ్బాలతో పాటు ఇంటి ప్రమాదకర చెత్తగా విడిగా ఇవ్వాలి. స్కూల్లో చేసినవైతే ల్యాబ్ వ్యర్థాల దగ్గర పెట్టండి. సీసాకి గట్టి మూత బిగించి, లోపల ఏ రంగు ఉంది, ఏ లోహం ఉంది, ఏ తేదీన ఎండబెట్టారు అన్నది కాగితం మీద రాసి, చెరిగిపోకుండా పైన టేపు అంటించండి.